స్టెరాయిడ్ మాత్రతో ఆయాసం తగ్గింది, చక్కెర పెరిగింది: రెండూ ఒకే తాళంచెవి పనేనా?

పట్టువదలని_పాఠకుడు | సోమవారం, రాత్రి 8:52

ఉబ్బసం ముదరడంతో పది రోజులుగా ప్రెడ్నిసోలోన్ మాత్రలు వేసుకుంటున్నాను. రోజుకు 40 మిల్లీగ్రాములు, పొద్దున్నే ఒకేసారి. రెండో రోజుకే ఊపిరి తేలికపడింది. ఆ సంతోషం నాలుగో రోజు దాకానే నిలిచింది. ఇంట్లో చక్కెర కొలిచే పరికరం ఉంది కదా అని చూసుకుంటే పరగడుపున 96, సాయంత్రం 238! నాకు మధుమేహం లేదు. డాక్టరుగారికి చెప్పాను. తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పి, మందును మెల్లగా తగ్గించే పద్ధతి రాసిచ్చారు. కాబట్టి ఇక్కడ వైద్య సలహా అడగడం లేదు.

నా ప్రశ్న వేరు. "ఇది జన్యువుల మీద పనిచేస్తుందండీ" అని ఒక్క మాట అని ఆయన తరువాతి రోగిని పిలిచారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు (నిద్ర పట్టకపోవడంలో మందుకూ వాటా ఉందట). ఊపిరితిత్తుల్లో వాపు తగ్గించేదీ, రక్తంలో చక్కెర పెంచేదీ ఒకే మందు ఎలా అయింది? ఆ రెండు పనులకూ చుట్టరికం ఏమిటి? పరగడుపున మామూలుగా ఉన్న చక్కెర సాయంత్రానికే ఎందుకు ఎగబాకుతోంది?

నల్లబల్ల | సోమవారం, రాత్రి 9:40

పాఠకుడుగారూ, చాలా ఏళ్లు జీవరసాయనం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. ఇలాంటి ప్రశ్న కనిపిస్తే చేతికి సుద్దముక్క కావాలనిపిస్తుంది. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ మాత్రలోని మందు మన ఒంట్లోనే తయారయ్యే కార్టిసాల్‌కు దాయాది. మూత్రపిండాల నెత్తిన కూర్చున్న అడ్రినల్ గ్రంథుల బెరడు, కొలెస్టరాల్‌ను మలిచి కార్టిసాల్‌ను చేస్తుంది. ఇది కొవ్వులో కరిగే అణువు. అందుకే ఇన్సులిన్‌లాగా కణం గుమ్మం బయట నిలబడి తలుపు తట్టాల్సిన పని లేదు, పొరను దాటి నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. లోపల దీని కోసం ఒక గ్రాహకం ఎదురుచూస్తూ ఉంటుంది. 777 అమైనో ఆమ్లాల ప్రోటీన్ అది. హార్మోను రానంతసేపూ కణద్రవ్యంలో హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రోటీన్, దాని అనుచరులు ఆ గ్రాహకాన్ని పట్టుకుని ఉంటాయి. దాన్ని నిర్బంధం అనుకోకండి. హార్మోను కూర్చోవడానికి వీలైన ఆకారంలో దాన్ని సిద్ధంగా ఉంచుతాయి, అంతే.

హార్మోను వచ్చి కూర్చోగానే గ్రాహకం ఆకారం మారుతుంది. అరగంటలోపే చాలా భాగం కేంద్రకంలోకి చేరుతుంది. అక్కడ డీఎన్‌ఏ మీద 15 అక్షరాల ఒక గుర్తు కోసం వెతుకుతుంది: ఏజీఏఏసీఏ, మధ్యలో ఏవైనా మూడు అక్షరాలు, తరువాత టీజీటీటీసీటీ. తరగతిలో ఇది చెప్పినప్పుడల్లా 'వికటకవి'ని గుర్తుచేసేవాణ్ని. చిన్న తేడా ఏమిటంటే, వికటకవిని అదే వరుసలో వెనక్కి చదువుతాం, ఇక్కడ ఎదుటి పోగు మీద వెనక్కి చదవాలి. అప్పుడు రెండు సగాలూ ఒకటే అని తెలుస్తుంది. రెండు సగాలు ఉన్నాయి కాబట్టి రెండు గ్రాహకాలు జంటగా వచ్చి కూర్చుంటాయి.

ఇక మీ అసలు ప్రశ్న. జంటగా కూర్చున్నచోట పక్కనున్న జన్యువు మేలుకుంటుంది. కాలేయంలో పెప్‌సీకే, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైముల జన్యువులు ఇలా మేలుకుని కొత్త గ్లూకోజ్ తయారీని పెంచుతాయి. ఇక వాపు సంగతి. ఎన్‌ఎఫ్-కప్పా-బి, ఏపీ-1 అనే రెండు ప్రోటీన్లు వాపుకు సంబంధించిన జన్యువులను నడిపిస్తాయి. మన గ్రాహకం ఒంటరిగా వెళ్లి వాటి మీద చేయి వేసి నోరు మూయిస్తుంది. మేల్కొలపడం వల్ల చక్కెర, నోరు మూయించడం వల్ల ఉపశమనం. ఒకే ఉద్యోగికి రెండు శాఖలన్నమాట.

రెండోఏడాది | సోమవారం, రాత్రి 10:05

నల్లబల్ల మాస్టారూ, మా పుస్తకంలో ఉన్నదీ సరిగ్గా ఇదే. వచ్చే వారం పరీక్ష. రెండు గడుల పట్టిక వేసుకున్నాను: 'మేల్కొలుపు = దుష్ప్రభావాలు, అణచివేత = చికిత్స'. ఇలా రాస్తే సరిపోతుందా?

గుడ్లగూబ | సోమవారం, రాత్రి 11:58

ఆ పట్టిక చెరిపేయండి. కనీసం పెన్సిల్‌తో రాసుకోండి.

నా పని డీఎన్‌ఏ మీద ఏ ప్రోటీన్ ఎక్కడ కూర్చుందో చదవడం. ఈ గ్రాహకంతో కొన్నేళ్లు కుస్తీ పట్టాను. మాస్టారు చెప్పిన మొదటి మూడు పేరాలతో పేచీ లేదు. నాలుగోదే చాలా మందిని చాలా కాలం తప్పుదారి పట్టించింది.

వాపును తగ్గించే పనిలో పెద్ద వాటా 'మేల్కొలుపు'దే. ఈ మందు పడగానే గిల్జ్ అనే ప్రోటీన్ జన్యువు మేలుకుంటుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బికి అడ్డుపడే ప్రోటీన్ ఇది. డీయూఎస్‌పీ1 జన్యువు మేలుకుంటుంది. పీ38, జేఎన్‌కే అనే సంకేత ఎంజైముల మీద ఎక్కిన ఫాస్ఫేట్‌ను అది పీకేస్తుంది. అంటే వాపు కబురు కేంద్రకానికి చేరకముందే దారిలో ఆగిపోతుంది. టీటీపీ అనేది ఇంకొకటి. వాపు పదార్థాల తయారీకి బయలుదేరిన ఆర్‌ఎన్‌ఏ ప్రతులను పట్టుకుని త్వరగా చిత్తు చేయిస్తుంది. ఇవన్నీ జన్యువులను మేల్కొలిపితే వచ్చినవే, నోరు మూయిస్తే వచ్చినవి కావు.

కాబట్టి 'మేల్కొలుపు చెడ్డది, అణచివేత మంచిది' అనడం చాలా తేలిక, చాలా అందం, చాలా తప్పు.

సందేహాలరావు | మంగళవారం, ఉదయం 7:15

> చాలా తేలిక, చాలా అందం, చాలా తప్పు.

తప్పని తేలడానికి ఎంత ఖర్చయిందో కూడా చెప్పండి. ఆ పట్టికను నమ్మి ఎన్నో మందుల కంపెనీలు ఏళ్ల తరబడి పనిచేశాయి. 'అణచివేతను మాత్రమే చేసి, మేల్కొలుపును చేయని' అణువు దొరికితే దుష్ప్రభావాలు లేని స్టెరాయిడ్ చేతికొచ్చినట్టే అనుకున్నారు. గాజు పాత్రల్లోని కణాల మీద భేషుగ్గా పనిచేసినవి మనుషుల దగ్గరికి వచ్చేసరికి చతికిలబడ్డాయి. కొన్ని చక్కెరనూ పెంచలేదు, వాపునూ తగ్గించలేదు. అంతకంటే నీళ్లు తాగడం నయం.

నా సందేహం: ఈ మంచి-చెడు విభజన అసలు ఎవరి బుర్రలో పుట్టింది? ఆధారం లేకుండానే ఇంతమంది నమ్మారా?

గుడ్లగూబ | మంగళవారం, ఉదయం 10:30

ఆధారం ఉంది. అదీ మంచి ఆధారమే. ఎలుక చెప్పింది.

1995లో ఈ గ్రాహకం జన్యువును పనిచేయకుండా చేసిన ఎలుకలను సృష్టించారు. వాటిలో చాలా భాగం పుట్టిన కాసేపటికే చనిపోయాయి, ఊపిరితిత్తులు పరిపక్వం కాలేదు. (నెలలు నిండకుండా ప్రసవమయ్యే ప్రమాదం ఉన్న తల్లులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం వెనక కథ కూడా ఇదే, శిశువు ఊపిరితిత్తులు త్వరగా సిద్ధం కావడానికి.) 1998లో అదే జట్టువారు ఇంకాస్త సున్నితంగా ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చారు. గ్రాహకాలు రెండూ జతకట్టడానికి ఆనుకునే చోట 458వ స్థానంలో అలనీన్ బదులు థ్రియోనీన్ పెట్టారు. జత సరిగా కట్టలేని ఈ ఎలుకలు బతికాయి! జంటగా కూర్చుని మేల్కొలిపే కొన్ని జన్యువులు వాటిలో మేలుకోలేదు. ఏపీ-1 నోరు మూయించడం మాత్రం సాగింది. చర్మం మీద తెప్పించిన వాపు కూడా మందుకు తగ్గింది.

ఇంకేముంది, జంట అంటే మేల్కొలుపు, ఒంటరి అంటే అణచివేత అని అందరూ తీర్మానించుకున్నారు. తరువాత అవే ఎలుకలకు కీళ్లవాపు తెప్పించి మందిస్తే తగ్గలేదు. బ్యాక్టీరియా విషాన్ని ఎక్కిస్తే మామూలు ఎలుకల కంటే సులువుగా చచ్చిపోయాయి. అంటే అసలైన ఆపదలో కాపాడటానికి జంటే కావలసి వచ్చింది. పైగా ఆ ఒక్క మార్పు జంటను పూర్తిగా విడదీయదనీ తేలింది.

మొదట పరీక్షించిన వాపు చర్మం మీదిది కాకుండా కీళ్లదై ఉంటే, ఈ రంగం చరిత్ర వేరేలా నడిచేదేమోనని అప్పుడప్పుడు అనుకుంటాను.

నల్లబల్ల | మంగళవారం, మధ్యాహ్నం 12:20

గుడ్లగూబగారు చెప్పినదాంట్లో నాకు తెలియనివి ఉన్నాయి. ఒప్పుకుంటాను. ఆ పట్టికను నేనే ఎన్నో ఏళ్లు బల్ల మీద గీశాను.

కానీ ఒక్క మాట. నోరు మూయించడం అనేదే లేదని మాత్రం అనకండి. పిల్లలు ఒక గట్టు మీంచి దూకి ఇంకో గట్టు కింద పడతారు.

గుడ్లగూబ | మంగళవారం, మధ్యాహ్నం 12:41

లేదనలేదు మాస్టారూ. ఉంది. ఎలా ఉందన్నదాని మీదే గొడవ. గ్రాహకం డీఎన్‌ఏను తాకకుండా ఎన్‌ఎఫ్-కప్పా-బి భుజం మీద చేయి వేసి ఆపుతుందా, లేక ఎన్‌ఎఫ్-కప్పా-బి కూర్చునే చోటే దాగిన మరో చిన్న గుర్తును తానే పట్టుకుని ఆపుతుందా అన్న వాదన ఇంకా తెగలేదు. రెండు వైపులా పేరున్నవాళ్లే.

పట్టువదలని_పాఠకుడు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నా సాయంత్రపు 238ని అందరూ మరిచిపోయారు.

మాత్రలడబ్బా | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మరిచిపోలేదు, నా వంతు కోసం ఆగాను. మందుల కొట్టు వెనక నిలబడి స్టెరాయిడ్ చీటీలు చాలానే చూశాను.

ముందు మోతాదు లెక్క. ప్రెడ్నిసోలోన్ 5 మిల్లీగ్రాములు కార్టిసాల్ 20 మిల్లీగ్రాములకు సమానం అని మా లెక్క. మీ 40 అంటే 160 మిల్లీగ్రాముల కార్టిసాల్. మామూలు రోజున పెద్దవాళ్ల ఒళ్లు తయారు చేసుకునేది 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అంటే మీ కణాలకు పది రోజులుగా పదింతలకు పైగా కబురు అందుతోంది. ఆ స్థాయిలో గ్రాహకం నోట్లో గుసగుస కూడా కేకే అవుతుంది.

ఇక వేళ సంగతి. పొద్దున వేసుకున్న మాత్ర రక్తంలో గంటా రెండు గంటల్లో శిఖరానికి చేరి, ఆ తరువాత కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది. కానీ జన్యువు మేలుకోవాలి, ఆర్‌ఎన్‌ఏ ప్రతి తయారవ్వాలి, ప్రోటీన్ కట్టాలి, అది పని మొదలుపెట్టాలి. అందుకే మందు ఫలితం మందు కంటే వెనకబడి వస్తుంది, మందు వెళ్లిపోయాక కూడా నిలుస్తుంది. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా దాని రాజ్యం. రాత్రంతా ఏమీ తినరు, ప్రభావం సద్దుమణుగుతుంది, తెల్లవారేసరికి 96. ఈ మందు తీసుకునేవాళ్లలో పరగడుపు పరీక్ష ఒక్కటే చేసి 'అంతా బాగుంది' అనుకోవడం పొరపాటు అని అందుకే అంటారు. మీరు సాయంత్రం చూసుకోవడం మంచిదైంది.

రెండోఏడాది | మంగళవారం, సాయంత్రం 4:25

కాలేయం గ్లూకోజ్ చేయడం ఒక్కటే కారణమైతే, పరగడుపునే కదా ఎక్కువ ఉండాలి? కాలేయం పని అప్పుడే ఎక్కువ కదా?

నల్లబల్ల | మంగళవారం, సాయంత్రం 5:50

శభాష్ అమ్మా. ఈ ఒక్క ప్రశ్నకే సగం మార్కులు వేయొచ్చు.

కాలేయం ఒక్కటే కాదు. కండరాన్ని చూడు. మామూలుగా తిన్న తరువాత ఇన్సులిన్ కబురు పంపితే, జీఎల్‌యూటీ4 అనే గ్లూకోజ్ ద్వారాలు కండర కణం లోపలి నుంచి పైపొరకు వచ్చి తెరుచుకుంటాయి. ఈ హార్మోను ఎక్కువగా ఉన్నప్పుడు ఇన్సులిన్ ఎంత అరిచినా ఆ ద్వారాలు సరిగా పైకి రావు. తిన్న గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని మింగాల్సిన కండరం నోరు తెరవదు. క్లోమం కూడా కొంచెం మందకొడిగా ఇన్సులిన్ ఇస్తుంది. అందుకే తిన్న తరువాతి లెక్కే ఎక్కువ చెడుతుంది.

అంతటితో ఆగదు. కండరంలో మర్ఫ్1, అట్రోజిన్-1 అనే ప్రోటీన్ల జన్యువులు మేలుకుంటాయి. వీటి పని కండరపు ప్రోటీన్లకు 'చిత్తు చేయండి' అని ముద్ర వేయడం. అలా విడిపోయిన అమైనో ఆమ్లాలు రక్తంలో పడి కాలేయానికి చేరి గ్లూకోజ్ అవుతాయి. కొవ్వు కణాల నుంచి గ్లిసరాల్, కొవ్వు ఆమ్లాలు బయటికి వస్తాయి. గ్లిసరాల్ గ్లూకోజ్‌గా మారుతుంది, కొవ్వు ఆమ్లాలు ఆ తయారీకి కావలసిన శక్తినిస్తాయి. ఇదంతా కరువుకాలపు పద్ధతి. ఇంట్లో దూలాలు విరగ్గొట్టి పొయ్యి వెలిగించడం లాంటిది.

సందేహాలరావు | మంగళవారం, సాయంత్రం 6:30

కొవ్వు బయటికి వస్తుందంటారు. మరి ఈ మందు ఎక్కువకాలం వాడినవాళ్ల ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి, చేతులు కాళ్లు మాత్రం పుల్లల్లా ఎందుకవుతాయి? 1932లో కుషింగ్ వర్ణించిన రూపం అదేగా.

గుడ్లగూబ | మంగళవారం, రాత్రి 11:20

ఒకే కబురు, చోటును బట్టి వేరే అర్థం. ఈ దారం మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే అనుకుంటాను, అందుకని విడమరిచి రాస్తున్నాను.

డీఎన్‌ఏ కేంద్రకంలో బట్టబయలుగా పరిచి ఉండదు. హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని, ఎక్కువ భాగం మూసిన గదుల్లో ఉంటుంది. కాలేయ కణంలో తెరిచి ఉండే గదులు వేరు, ఊపిరితిత్తిలోని రోగనిరోధక కణమైన మాక్రోఫేజ్‌లో వేరు, పొట్ట కొవ్వులో వేరు. 2011లో ఎలుక కణాల మీద వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, గ్రాహకం కూర్చున్న చోట్లలో 95 శాతం దాకా హార్మోను రాకముందే తెరిచి ఉన్నవే. అంటే గ్రాహకం తలుపులు బద్దలు కొట్టే రకం కాదు. ఆ కణం తన జీవితంలో ఏ తలుపులు తెరిచిపెట్టుకుందో వాటిలోకే వెళుతుంది. కాలేయంలో ఉపవాసపు జన్యువుల పక్కన హెచ్‌ఎన్‌ఎఫ్4, సీఈబీపీ వంటి స్థానిక ప్రోటీన్లు ముందే చాప పరిచి ఉంటాయి. అందుకే అక్కడ గ్లూకోజ్. మాక్రోఫేజ్‌లో వాపు జన్యువుల దగ్గర తలుపులు తెరిచి ఉంటాయి. అందుకే అక్కడ ఉపశమనం. పొట్ట కొవ్వు, చేతి కొవ్వు వేరువేరుగా స్పందించడం కూడా ఈ కోవలోదే. పైగా పొట్ట లోపలి కొవ్వులో ఈ గ్రాహకం ఎక్కువగా ఉంటుంది, ఇన్సులిన్ కూడా ఎక్కువగా ఉన్న రోజుల్లో అక్కడ నిల్వ చేయడమే గెలుస్తుంది.

ఇంకో విచిత్రం. గ్రాహకం తాను మార్చే జన్యువు గుమ్మంలోనే కూర్చుంటుందని అనుకోకండి. ఊపిరితిత్తి కణాల మీద 2009లో చూసినప్పుడు, మేలుకున్న జన్యువులకు దాని ఆసనం మధ్యస్థంగా 11 వేల అక్షరాల దూరంలో ఉంది. అణగిన జన్యువులకైతే 146 వేల అక్షరాల దూరం. డీఎన్‌ఏ మెలికలు తిరిగి రెండు చోట్లనూ దగ్గర చేస్తుంది. కూర్చోవడం కూడా కొన్ని సెకన్లే, మళ్లీ లేచిపోతుంది. బొమ్మల్లో గీసినట్టు గంటల తరబడి సింహాసనం మీద ఉండదు.

ఆ 15 అక్షరాల గుర్తు కూడా ఉత్త పీట కాదు. అందులో ఒక్క అక్షరం మారినా గ్రాహకం ఆకారం కొద్దిగా మారుతుందని, పని తీవ్రత కూడా మారుతుందని 2009లోనే చూపించారు. హార్మోను ఒక వైపు నుంచి, డీఎన్‌ఏ ఇంకో వైపు నుంచి గ్రాహకాన్ని మలుస్తాయి.

పట్టువదలని_పాఠకుడు | బుధవారం, ఉదయం 8:05

రెండుసార్లు చదివాను. తాళంచెవి ఒకటే, ఇల్లు మారితే తెరుచుకునే గది మారుతుంది. ఇంతవరకు ఎక్కింది.

కానీ ఒక అనుమానం. నిన్న బంధువు ఒకరు వచ్చి 'కాస్త ఒళ్లు చేశావు, బాగున్నావు' అన్నారు. అద్దంలో చూసుకుంటే నిజమే, బుగ్గలు నిండాయి. ఇది వాపా, కొవ్వా?

నల్లబల్ల | బుధవారం, ఉదయం 8:40

'వాపును చూసి బలుపు అనుకున్నట్టు' అని సామెత ఎందుకు పుట్టిందో ఇప్పుడు తెలిసింది కదూ. పది రోజుల్లో వచ్చింది కాబట్టి కొంత నీరు, కొంత కొవ్వు. కార్టిసాల్‌కు ఉప్పు-నీటిని పట్టి ఉంచే గ్రాహకం మీద కూడా చనువుంది, మీ మందుకు ఆ చనువు తక్కువే గానీ లేకపోలేదు. మందు ఆగాక మెల్లగా తగ్గుతుంది.

సందేహాలరావు | బుధవారం, ఉదయం 9:00

మాట వచ్చింది కాబట్టి. ఈ దారంలో అందరూ 'వాపు' అంటున్నారు. వాపు అంటే ఉబ్బు ఒక్కటే. మనం మాట్లాడుతున్నది ఎరుపు, వేడి, నొప్పి, ఉబ్బు అన్నీ కలిసినది. 'శోథ' అనాలి.

మాత్రలడబ్బా | బుధవారం, ఉదయం 9:22

నా కొట్టుకొచ్చి 'శోథకు మందివ్వండి' అన్నవాణ్ని ఇంతవరకు చూడలేదు. అన్నరోజు చీటీ అడక్కుండా దండం పెడతాను.

నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 9:50

పదాల చర్చకు వేరే దారం ఉంది. ఇక్కడ రెండు మాటలూ నడుస్తాయి. మోతాదు మార్చుకోవడం గురించి ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకండి.

రెండోఏడాది | బుధవారం, సాయంత్రం 5:15

ఇంకో ప్రశ్న. హఠాత్తుగా ఆపకూడదు అంటారు. దానికీ జన్యువులకీ సంబంధం ఉందా, లేక అది వేరే అధ్యాయమా?

మాత్రలడబ్బా | బుధవారం, సాయంత్రం 6:48

అదే అధ్యాయం, అదే పేజీ. మెదడులో హైపోథాలమస్ అనే భాగం సీఆర్‌హెచ్ అనే హార్మోనును వదులుతుంది, దాని మాట విని పీయూష గ్రంథి ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోనును వదులుతుంది, అది అడ్రినల్‌కు 'కార్టిసాల్ చెయ్యి' అని చెబుతుంది. ఏసీటీహెచ్ విడిగా పుట్టదు, పీఓఎంసీ అనే పెద్ద ప్రోటీన్‌ను కోస్తే వస్తుంది. కార్టిసాల్ గ్రాహకం పీయూష గ్రంథిలో ఆ పీఓఎంసీ జన్యువునే అణచివేస్తుంది. హైపోథాలమస్‌లో సీఆర్‌హెచ్ జన్యువును కూడా. బయటి నుంచి మందు వారాల తరబడి వస్తే పైవాళ్లు కబురు పంపడం మానేస్తారు, వాడకం లేని అడ్రినల్ బెరడు చిక్కిపోతుంది. ఇక ఒక్కసారిగా మాత్ర ఆపితే కార్టిసాల్ ఎవరు ఇవ్వాలి? రక్తపోటు పడిపోవడం, వాంతులు, ప్రాణం మీదకు రావడం. అందుకే మెట్టుమెట్టుగా దిగుతారు. వాపును అణిచే తీరూ, సొంత కార్టిసాల్‌ను అణిచే తీరూ ఒకే కుటుంబానివి.

కణం లోపల కూడా ఇలాంటి కళ్లెం ఒకటుంది. గ్రాహకం మేల్కొలిపే జన్యువుల్లో ఎఫ్‌కేబీపీ5 ఒకటి. దాన్నుంచి వచ్చే ప్రోటీన్ తిరిగి వచ్చి గ్రాహకానికి హార్మోను మీద పట్టు తగ్గిస్తుంది.

సందేహాలరావు | బుధవారం, రాత్రి 8:30

సరే, ఇన్ని కళ్లేలు, ఇన్ని గదులు. అయినా మొదటి ప్రశ్నకు జవాబు రాలేదని నా ఫిర్యాదు. 'ఎలా' అని చెప్పారు. 'ఎందుకు' అని చెప్పలేదు. వాపునూ చక్కెరనూ ఒకే హార్మోను చేతిలో ఎందుకు పెట్టినట్టు? కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడేలా ఎవరైనా ఏర్పాటు చేస్తారా?

గుడ్లగూబ | గురువారం, రాత్రి 12:35

మందుగా చూస్తే అది దుష్ప్రభావం. హార్మోనుగా చూస్తే అది ఉద్యోగం. తేడా అక్కడుంది.

ఒంట్లోకి క్రిమి వచ్చిందనుకోండి. రోగనిరోధక కణాలు ఐఎల్-1, ఐఎల్-6 వంటి సంకేతాలు వదులుతాయి. అవి యుద్ధభేరి ఒక్కటే కాదు, మెదడుకు చేరి కార్టిసాల్‌ను కూడా పెంచుతాయి. అంటే వాపు తనను ఆపేవాణ్ని తనే పిలుస్తుంది. అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకలకు కొద్దిపాటి బ్యాక్టీరియా విషమే చాలు, చచ్చిపోతాయి. విషం చంపదు, దాని మీద లేచిన సొంత సైన్యం చంపుతుంది. 1984లో అలాన్ మంక్, ఆయన సహచరులు ఈ ఆలోచనను స్పష్టంగా ముందుపెట్టారు: ఒత్తిడిలో కార్టిసాల్ పెరిగేది శత్రువు నుంచి కాపాడటానికి కాదు, శత్రువు మీద మనం చేసే యుద్ధం హద్దు మీరకుండా చూడటానికి. అంతకుముందు దాకా వాపు తగ్గించడం మందు మోతాదుల్లో మాత్రమే కనిపించే వింత అనీ, అసలు పని చక్కెర చూసుకోవడమే అనీ భావించేవారు.

యుద్ధం వేళ జబ్బు మనిషి తినడు. కానీ మెదడుకూ, పోరాడే కణాలకూ గ్లూకోజ్ కావాలి. కండరం నుంచి తీయి, కొవ్వు నుంచి తీయి, కండరం నోరు కాసేపు కట్టెయ్యి, ఉన్నదాన్ని అత్యవసరమైన వాళ్లకు పంపు. సరఫరా, సైన్యం రెండూ ఒకే సేనాని కింద ఉండటంలో వింత ఏముంది? ఆ ఏర్పాటు కొన్ని గంటలకు, కొన్ని రోజులకు. మనం నెలల తరబడి అదే భేరి మోగిస్తున్నాం, మనిషి కడుపునిండా తింటున్నా. తప్పు సేనానిది కాదు.

నల్లబల్ల | గురువారం, ఉదయం 6:10

ఇది చదివాక పొద్దున్నే లేచినందుకు సార్థకమైంది. ఒకటి చేరుస్తాను. కార్టిసాల్ మామూలు రోజుల్లోనూ తెల్లవారుజామున పెరిగి, నడిరాత్రికి అడుగంటుతుంది. రాత్రి ఉపవాసం ముగిసి మేలుకునే వేళకు ఇంధనం సిద్ధం చేయడం అది. మన పాఠకుడుగారి మాత్ర పొద్దున్నే వేసుకోమనడం కూడా ఈ లయను వీలైనంత తక్కువ చెడగొట్టడానికే.

సందేహాలరావు | గురువారం, ఉదయం 7:40

ఒప్పుకుంటున్నాను. ఇది నాకు అరుదు, తేదీ రాసుకోండి.

యుద్ధం ఉపమానానికి ఒక సాక్ష్యం నేనే ఇస్తాను. 2020లో కోవిడ్ రోగుల మీద బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే మందుల పరీక్ష. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజుల దాకా. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లో మరణాలు మామూలు చికిత్సలో 41.4 శాతం, ఈ మందుతో 29.3 శాతం. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మేలేమీ కనిపించలేదు, 14 శాతం బదులు 17.8. అంటే సొంత సైన్యం ఊరు తగలబెడుతున్నవాళ్లకు మందు, సైన్యం ఇంకా శత్రువుతో పోరాడుతున్నవాళ్లకు ఆటంకం. ఎవరికి, ఎప్పుడు అన్నదే మందు.

రెండోఏడాది | గురువారం, సాయంత్రం 4:50

అయితే మంచి-చెడులను విడదీసే ప్రయత్నం పూర్తిగా ముగిసినట్టేనా?

గుడ్లగూబ | గురువారం, రాత్రి 10:15

ముగియలేదు, తెలివి తెచ్చుకుంది. వామోరోలోన్ అనే మందుకు 2023లో అమెరికాలో డుషేన్ కండర క్షీణతకు అనుమతి వచ్చింది. మామూలు స్టెరాయిడ్‌లో 11వ కార్బన్ దగ్గర ఉండే ఆక్సిజన్ దీనికి లేదు. పిల్లల ఎదుగుదల మీద, ఎముకల మీద దెబ్బ తక్కువగా కనిపించింది. అడ్రినల్‌ను అణచడం మాత్రం ఇదీ చేస్తుంది. సగం విడాకులు.

నన్ను ఎక్కువ ఆకర్షించింది వేరే. 2024లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, మాక్రోఫేజ్‌లలో ఈ హార్మోను మైటోకాండ్రియాలోని ఇంధన చక్రాన్నే మళ్లిస్తుంది. దానితో ఇటాకోనేట్ అనే అణువు పెరుగుతుంది. అది వాపును తగ్గించే అణువు. ఇటాకోనేట్ చేసే ఎంజైము లేని ఎలుకల్లో మందు ప్రభావం బాగా తగ్గింది. అంటే 'జీవక్రియ మీద ప్రభావం', 'వాపు మీద ప్రభావం' అని రెండు గడులు గీస్తున్నాం కదా, ఆ కణంలో మొదటిదే రెండోదాన్ని చేస్తోంది.

రెండోఏడాది | గురువారం, రాత్రి 10:32

పట్టిక చెరిపేశాను. ఇప్పుడు పరీక్షలో ఏం రాయాలో తెలియడం లేదు.

నల్లబల్ల | గురువారం, రాత్రి 10:40

పుస్తకంలో ఉన్నది రాయి అమ్మా. చివరి రెండు వాక్యాల్లో గిల్జ్, డీయూఎస్‌పీ1 పేర్లు వేసి, 'ఈ విభజన సంపూర్ణం కాదు' అని చేర్చు. దిద్దేవాడు నాలాంటి ముసలాడైతే ఒకసారి కళ్లద్దాలు తుడుచుకుంటాడు.

పట్టువదలని_పాఠకుడు | శనివారం, సాయంత్రం 6:20

డాక్టరుగారు రాసిచ్చినట్టే నిన్నటి నుంచి 20 మిల్లీగ్రాములకు దిగాను. ఇప్పుడే చూసుకున్నాను, 171. ఊపిరి బాగానే ఉంది. కండరాలు ఇంకా నోరు పూర్తిగా తెరవలేదన్నమాట.